మామయ్య షెడ్డులో ఇరవై మూడు కార్బురేటర్లు

జనవరి 18, ఆదివారం

మా మేనమామ కావలిలో నలభై ఏళ్లు నడిపిన మెకానిక్ షెడ్డును ఈ వేసవిలోగా అద్దెకు ఇవ్వాలని అత్తయ్య నిర్ణయించుకున్నది. షెడ్డు వెనక గదిలో రెండు చెక్కపెట్టెల నిండా కార్బురేటర్లు (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజినుకు అందించేవి) ఉన్నాయని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు గాని, అవి ఎన్ని, ఏ బండివి అన్నది మామయ్య పోయిన తర్వాత చెప్పగలిగినవారు లేకపోయారు. పాత ఇనుము కొట్టాయన సంక్రాంతికి ముందే వచ్చి చూసి, అన్నింటినీ కలిపి తూచుకొని కిలో లెక్కన డబ్బిచ్చి పోతానన్నాడట. "మీ మామ ఒక్కోదాన్ని గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు అబ్బయా. తక్కెట్లో వేసేదానికి నాకు చెయ్యి రావడంలా. ఏది ఏందో, ఎంత పలుకుతుందో నువ్వు చూసి చెప్పు, ఆ తర్వాత అమ్ముదాం" అని అత్తయ్య ఈ పని నాకు అప్పగించింది. నెల్లూరులో నా లేతు పని వారమంతా ఉంటుంది కాబట్టి, ఆదివారాలు కావలిలో కూర్చొని ఈ పని పూర్తి చేయాలని, చేసినది చేసినట్టు ఇందులో రాసుకోవాలని అనుకున్నాను.

ఈ రోజు లెక్క మాత్రమే పెట్టాను. మొత్తం ఇరవై మూడు ఉన్నాయి. మామయ్య దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మేస్త్రిగారు కబురు అందగానే వచ్చారు. నేను బ్రష్షూ కిరసనాయిలు డబ్బా తీయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకొని ఆపి, "ముందు దాని మింద ఏముండాదో చదువు అబ్బయా. కడిగేది యాడికీ పోదు" అన్నారు. ఆ మాట ఎంత విలువైనదో సాయంత్రానికి అర్థమైంది. ఒక కార్బురేటర్ మూత స్క్రూ కింద, జిడ్డు పొరలో కూరుకుపోయి, చిటికెన వేలి గోరంత ఇత్తడి బిళ్ళ కనిపించింది. తీగ బ్రష్షుతో గట్టిగా రుద్ది ఉంటే దాని మీది అక్షరాలు అరిగిపోయి ఉండేవి. కొనేవాడికి ఆ బిళ్ళే ఆధారం, ఎందుకంటే ఇంజిను తయారైన రోజున దాని మీద కూర్చున్న కార్బురేటర్ ఏదో తేల్చి చెప్పేది సాధారణంగా అదొక్కటే.

అందువల్ల ఒక్కొక్క దానికి ఒక తట్ట, ఒక అంకె కేటాయించి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, విడిపోయిన స్క్రూలను సైతం అదే తట్టలో వేసి పక్కన పెట్టాను. గాలి ఏ దిక్కునుంచి లోపలికి వెళుతుందన్న దాన్ని బట్టి మొదటి విభజన చేశాను. పైనుంచి కిందికి పీల్చే డౌన్‌డ్రాఫ్టులు పద్దెనిమిది, పక్కనుంచి పీల్చే సైడ్‌డ్రాఫ్టులు నాలుగు, కిందినుంచి పైకి పీల్చే అప్‌డ్రాఫ్టు ఒకటి తేలాయి.

జనవరి 25, ఆదివారం

పద్దెనిమిది డౌన్‌డ్రాఫ్టులలో పదకొండు సోలెక్స్ కంపెనీవి. ఈ ప్రాంతంలో ఆశ్చర్యపడవలసిన సంగతి కాదు. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు తిరిగిన కాలంలో కావలి షెడ్డుకు రోజూ వచ్చినవి అవే. వాటి శరీరం మీద ఎత్తుగా పోతపోసిన పేరు, పక్కనే "32 పీబీఐసీ" అన్న గుర్తు ఉన్నాయి. ఇందులో 32 అంటే ఇంజినులోకి పోయే మిశ్రమాన్ని అదుపుచేసే త్రోటిల్ రెక్క ఉండే గొంతు వ్యాసం మిల్లీమీటర్లలో అని మేస్త్రిగారు చెప్పగా, వెర్నియర్ కొలబద్ద పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయింది. ఈ రకానికి పైన గాలి వచ్చే గొట్టంలో చోక్ రెక్క ఉండదు. పక్కన చిన్న బిళ్ళ ఒకటి తిరిగి, చల్లని ఇంజిను కోసం పెట్రోలుకూ గాలికీ వేరే దారి తెరుస్తుంది. చోక్ రెక్క కనిపించలేదని దాన్ని అసంపూర్ణమనుకొని తక్కువ ధరకు అడిగేవారు వస్తారని, అప్పుడు ఆ బిళ్ళను చూపించాలని ఆయన హెచ్చరించారు.

పదకొండూ పైకి ఒకే తీరుగా కనిపిస్తాయి గాని, ఏది ఏ బండిదో లోపలి కొలతలే చెబుతాయి. పెట్రోలునో గాలినో కొలతగా వదిలే రంధ్రమున్న చిన్న మరను జెట్టు అంటారు. సోలెక్స్ పట్టికలలో కె అన్న అక్షరం వెంచురీకి (గొంతులో సన్నబడిన భాగం), జీజీ మెయిన్ జెట్టుకు, ఏ గాలి సవరణ జెట్టుకు, చిన్న జి స్లో స్పీడు (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిను తిరిగే వేగం) జెట్టుకు గుర్తు. జెట్టు తల మీద చెక్కిన అంకె సుమారుగా మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. అంటే 125 అని ఉంటే రంధ్రం ఒకటింపావు మిల్లీమీటరని అర్థం. ఒక్కొక్క జెట్టునూ ఊడదీసి, భూతద్దం కింద చదివి, తట్ట మీది కాగితంలో రాసుకున్నాను. రెండింటిలో జెట్ల తలలు స్క్రూడ్రైవరు జారి చెరిగిపోయి ఉన్నాయి. మరొకదానిలో మెయిన్ జెట్టు రంధ్రాన్ని ఎవరో తీగతో పొడిచి వెడల్పు చేశారు. ఇటువంటి జెట్టు మీద అంకె ఏదున్నా దాన్ని నమ్మకూడదు కాబట్టి "జెట్టు మార్చాలి" అని ఎర్ర సిరాతో రాశాను. లీవర్లు కూడా బండినిబట్టి మారతాయి. లీవరు ఎటు తిరుగుతున్నదో, రాడ్డుకు తగిలించేదో కేబులుకు తగిలించేదో అన్నది కూడా నమోదు చేశాను.

ఈ రోజే ఒక తప్పు చేశాను. పదకొండులో అన్నింటికన్నా జిడ్డుగా ఉన్న దాని పైమూతను, చదవడం పూర్తయింది గదా అన్న ధైర్యంతో, ఇంట్లో ఉన్న కాస్టిక్ సోడా నీళ్లలో వేశాను. ఇనుప ఇంజిను భాగాలను మా వర్క్‌షాపులో అలాగే శుభ్రం చేస్తాం. కార్బురేటర్ మూత ఇనుము కాదన్న సంగతి బుడగలు పైకి పొంగుతున్నప్పుడు గాని గుర్తుకు రాలేదు. జింకునూ అల్యూమినియాన్నీ కాస్టిక్ తినేస్తుంది. గబగబా తీసి నీళ్లతో కడిగినా, నున్నగా ఉండవలసిన అంచు నల్లబడి గుంటలు పడింది. ఆ అంచు సమంగా లేకపోతే మూత మీద ప్యాకింగు కూర్చోదు, పెట్రోలు చెమరుస్తుంది. పూర్తిగా పనికివచ్చే సోలెక్స్ ఒకటి నా చేతుల్లోనే విడిభాగాల వరుసలోకి పోయింది. అత్తయ్యకు జరిగినది చెప్పి, దాని విలువ తగ్గినంత నా లెక్కలో వేసుకున్నాను. మిగిలినవన్నీ పాత పెట్రోలు, మెత్తని బ్రష్షు, పంపుతో కొట్టిన గాలి, వీటితోనే కడిగాను.

కావలి సముద్రానికి దగ్గర కాబట్టి ఉప్పుగాలి పెట్టెల్లోకి కూడా చొరబడింది. పెట్రోలు నిలవ ఉండే ఫ్లోటు గిన్నెల అడుగున తెల్లని పిండి పేరుకొని ఉన్నది. వేలితో తుడిస్తే పోయే పిండి కింద లోహం గట్టిగా ఉంటే భయం లేదు. గోరుతో గీకినప్పుడు పొడి రాలుతూ గుంట లోతవుతుంటే ఆ శరీరం పని అయిపోయినట్టే. అలాంటివి రెండు తేలాయి.

ఫిబ్రవరి 1, ఆదివారం

పక్కనుంచి పీల్చే నాలుగూ ఎస్‌యూలే. ఈ ఆదివారం మొత్తం వాటి మీదనే గడిచింది. ఎక్కువ ఆనందమిచ్చిన రోజు కూడా ఇదే.

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. ఇంగ్లండులో చెప్పుల వ్యాపార కుటుంబానికి చెందిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1905లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశాడు. తొలి నమూనాలలో ఇప్పటి పిస్టన్ స్థానంలో తోలు తిత్తి ఉండేదట. 1926లో ఆ కంపెనీ కార్ల తయారీదారు విలియం మోరిస్ చేతికి వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నుంచి మన హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టర్, అంబాసిడర్ పుట్టాయి కాబట్టి, కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో తయారైన తొలి కార్లతోపాటు ఈ ఎస్‌యూలు కావలి దాకా వచ్చాయి.

వీటి సైజును గుర్తించడానికి ఒక చక్కని లెక్క ఉంది. హెచ్ పక్కన ఉన్న అంకెను ఎనిమిదో వంతులుగా తీసుకొని ఒక అంగుళానికి కలిపితే గొంతు వ్యాసం వస్తుంది. హెచ్2 అంటే ఒకటింపావు అంగుళం, హెచ్4 అంటే ఒకటిన్నర, హెచ్6 అంటే ఒకటిముప్పావు. హెచ్ఎస్ రకానికీ ఇదే లెక్క. హెచ్‌కూ హెచ్ఎస్‌కూ తేడా కంటితోనే తెలిసిపోతుంది. హెచ్ఎస్‌లో ఫ్లోటు గిన్నెనుంచి జెట్టుకు సన్నని నైలాన్ గొట్టం ఉంటుంది, హెచ్‌లో అది ఉండదు. వెర్నియర్‌తో రెండింటి గొంతు 38.1 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే హెచ్4లు. ఒకటి 31.75 వచ్చింది, అది హెచ్2. నాలుగోది హెచ్ఎస్2 గాని, దాని పైన ఉండవలసిన గంట ఆకారపు గిన్నె లేదు. ఎస్‌యూలో ఆ గిన్నె, దానిలో జారే పిస్టన్ ఒకదానికొకటి జతగా తయారవుతాయి. ఇంకోదాని గిన్నె తెచ్చి పెడితే సరిపోతుందనుకోవడానికి లేదు. కాబట్టి నాలుగోదాన్ని విడిభాగాల కిందనే లెక్కవేశాను.

రెండు హెచ్4లు పెట్టెలో వేర్వేరు మూలల్లో దొరికాయి. పక్కపక్కన పెట్టిన తర్వాత గాని తెలియలేదు, ఒకదాని ఫ్లోటు గిన్నె ఎడమవైపు, మరొకదానిది కుడివైపు, అద్దంలో ప్రతిబింబంలా ఉన్నాయి. రెండింటి మూతల మీదా ఏయూసీ అక్షరాలతో మొదలయ్యే బిళ్ళ ఉంది, దాని తర్వాతి అంకె రెండింటి మీదా ఒక్కటే. అంటే ఇవి ఒకే ఇంజిను మీద పక్కపక్కన పనిచేసిన జంట. జంటగా ఉంటేనే స్పోర్ట్స్ కారు పునరుద్ధరణ చేసేవారికి ఉపయోగం, విడివిడిగా అయితే రెండింటి ధర కలిపినా జంట ధరలో సగం కూడా రాదు.

అయితే పరీక్ష పెట్టేసరికి నా ఉత్సాహం తగ్గింది. ఎస్‌యూ పిస్టన్ అరుగుదల తెలుసుకోవడానికి వర్క్‌షాపు పుస్తకాలలో ఒక పద్ధతి ఉంది. పిస్టన్‌నూ గిన్నెనూ శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, స్ప్రింగు తీసేసి, పిస్టన్ అంచున ఉన్న రంధ్రాలను మైనంతో మూసి, పిస్టన్ కదలికను నెమ్మది చేసే డ్యాంపర్ బిగించి, మొత్తాన్ని తలకిందులుగా పట్టుకోవాలి. పిస్టన్‌ను చేత్తో పట్టుకుంటే గిన్నె తన బరువుతో నెమ్మదిగా కిందికి జారుతుంది. లోపలి గాలి సందులోనుంచి ఎంత తొందరగా తప్పించుకుంటే సందు అంత పెద్దదన్నమాట. ఒకటింపావు అంగుళం వరకు మూడునుంచి ఐదు సెకన్లు, అంతకన్నా పెద్దవాటికి ఐదునుంచి ఏడు సెకన్లు పట్టాలి. నా మొదటి హెచ్4 గిన్నె రెండు సెకన్లలో జారిపోయింది. రెండోది సగంలో పట్టుకొని అసలు కదలలేదు.

మధ్యాహ్నం మేస్త్రిగారు వచ్చి రెండింటినీ చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఎవురో కుర్రోళ్లు కడిగేటప్పుడు మార్చేసుండారు. దీంది దానికి పెట్టి చూడు అబ్బయా" అన్నారు. పిస్టన్లను తారుమారు చేసి మళ్లీ తలకిందులు చేశాను. ఈసారి గిన్నె బావిలోకి చేద దించినట్టు ఒక్క తీరుగా దిగింది. ఫోనులో గడియారం పెట్టి మూడుమూడు సార్లు చూస్తే ఒకటి ఐదున్నర సెకన్ల దగ్గర, మరొకటి ఆరు సెకన్ల దగ్గర నిలిచాయి. ఆ రెండు జతలు ఇన్నేళ్లూ వేరుపడి ఉన్నాయి. ఇప్పుడు వాటికి కొన గీటుతో కాదు, దారంతో గుర్తు కట్టాను, ఎందుకంటే లోహం మీద గీత పడితే కొనేవాడికి అది గాయంలా కనిపిస్తుంది.

పిస్టన్ కింద ఉండి జెట్టులోకి దిగే సూది (నీడిల్) కాండం మీద చిన్న అక్షరాలు ఉంటాయి, నీడిల్ రకం అదే. రెండింటి మీదా అవే అక్షరాలు ఉన్నాయి, వంపు లేదు. నీడిల్‌ను గాజు పలక మీద దొర్లించి చూశాను, కొన ఎక్కడా ఎగరలేదు. త్రోటిల్ రెక్క తిరిగే ఇరుసు (స్పిండిల్) మాత్రం రెండింటిలోనూ ఊగుతున్నది. స్పిండిల్ ఊగితే అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోతుంది, స్లో స్పీడు నిలవదు. బుష్ (అరిగిన రంధ్రానికి కొత్త తొడుగు) వేయడం నా చేతిపనే గాని, వేయకుండా ఉన్నదున్నట్టు అమ్మడమే మంచిదని మేస్త్రిగారు, నేను ఒక మాట మీదికి వచ్చాం. పాత కార్లు పునరుద్ధరించేవారు తమకు నమ్మకమున్న చోట ఆ పని చేయించుకుంటారు, రంధ్రం పెద్దది చేసిన తర్వాత వెనక్కి తీసుకోలేం.

ఫిబ్రవరి 8, ఆదివారం

మిగిలినవి చదవడం ఈ రోజుతో అయింది.

కార్టర్ కంపెనీవి రెండు. ఒకటి డబ్ల్యూఓ రకం, బిళ్ళ మీద 539ఎస్ అని ఉంది. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపుకు, ఫోర్డు తయారుచేసిన దాని జంటకూ వచ్చినది ఇదే. రెండోది వైఎఫ్ రకం, జీపు తర్వాతి రోజులది, దాని బిళ్ళ ఊడి పెట్టె అడుగున దొరికింది. బిళ్ళ మీద 938ఎస్‌డీ అని ఉండబట్టి అది వైఎఫ్‌దే అని నిశ్చయంగా చెప్పగలిగాను. ఊడిన బిళ్ళను తిరిగి బిగించలేదు, కవరులో వేసి ఎక్కడ దొరికిందో రాసి జతపరిచాను. బిళ్ళ కొత్త స్క్రూతో మెరుస్తూ కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, అది న్యాయమైన అనుమానమే.

రెండు గొంతులు, కింద మూడు బోల్టుల అడుగు, గిన్నె పక్కన ఎత్తుగా 97 అన్న అంకె ఉన్నది మరొకటి. ఇది స్ట్రామ్‌బర్గ్ 97. వెంచురీ వ్యాసం అంగుళంలో 0.97 వంతు కాబట్టి ఆ పేరు. 1930ల చివరి ఫోర్డు వి8 కార్లకు వచ్చింది. సైదాపురం వైపు మైకా గనుల యజమానుల ఇళ్లలో ఒకప్పుడు అమెరికా కార్లు ఉండేవని, వాటిలో ఒకటి మరమ్మతుకు వచ్చి తిరిగి వెళ్లలేదని మామయ్య చెప్పగా విన్నట్టు అత్తయ్యకు జ్ఞాపకం. ఆ కథ నిజం కావచ్చు, కాని అమ్మకం కాగితంలో దాన్ని రాయను. ఈ రకాన్ని ఇప్పుడు కొత్తగా కూడా తయారు చేస్తున్నారు కాబట్టి, పాతదని చెప్పాలంటే పోత గుర్తులన్నింటినీ దగ్గరగా తీసిన ఫొటోలు కావాలి. ఇరవై ఫొటోలు తీశాను. యాక్సిలరేటర్ పంపు లీవరు విరిగి ఉన్నది, ఆ విరుగునూ ఒక ఫొటోగా పెట్టాను.

మూడు మారుతి 800వి, రెండు గొంతుల మికూనీ కంపెనీవి. పాతకార్ల లెక్కలోకి రావు గాని, ఊళ్లలో ఇంకా ఆ కార్లు తిరుగుతున్నాయి కాబట్టి ఆటోనగరులో వెంటనే పోతాయి. ఉన్న ఒక్క అప్‌డ్రాఫ్టు జెనిత్ కంపెనీది. దాన్ని చూసి అది 1930ల నాటి కారుదేనని మొదట సంతోషించాను. కొలిస్తే గొంతు చాలా చిన్నది, ఇంజిను వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరుకు తగిలించే లీవరు కూడా ఉంది. పొలాల్లో నీళ్లు తోడే ఇంజినుకో, జనరేటరుకో వాడినదై ఉండాలి. కారు పేరు రాయకుండా "నిలకడ ఇంజినుది" అని రాశాను.

సాయంత్రం ధరలకు కూర్చున్నాం. నా లెక్క ఇది. ముందు కిలో ధరను అడుగు ధరగా పెట్టుకున్నాను, అంతకన్నా తక్కువకు ఏదీ పోకూడదు. దాని పైన, విడిభాగాలుగా పనికివచ్చే జెట్లు, ఫ్లోటు, లీవర్ల విలువ కలిపాను. తర్వాత, అది పూర్తిగా ఉండి మరమ్మతుకు వీలైనదైతే, కొనేవాడు మరమ్మతు కిట్టుకూ బుష్ పనికీ పెట్టవలసిన ఖర్చును బాగున్న దాని ధరలోంచి తీసివేశాను. గుర్తింపు బిళ్ళ ఉంటే మాత్రమే చివరి మెట్టు ఎక్కించాను. మెరుగుకు ఒక్క రూపాయి కూడా కలపలేదు. పాలిష్ పట్టిన కార్బురేటర్‌ను చూస్తే తెలిసినవాడు ముందు అడిగేది దేనిని దాస్తున్నారనే.

బిళ్ళకు ఇంత విలువ ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకు వింటేజ్ గుర్తింపు, వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తున్నారు. అసలు రూపాన్ని నిలుపుకోవాలనుకునే యజమానికి ఆ కారుకు సరిపోయే అసలైన కార్బురేటర్ కావాలి, దగ్గరి పోలిక సరిపోదు.

సోలెక్స్‌లలో బిగుతైన స్పిండిల్ ఉన్న ఐదింటికి ఒక్కొక్కటి రెండువేల ఐదువందలు, ఊగుతున్న మూడింటికి పదమూడువందలు, విడిభాగాలైన మూడింటికి ఆరువందలు వేశాం. ఎస్‌యూ జంటకు పద్దెనిమిదివేలు అని నేను రాసేసరికి అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొట్టాయన అన్నిటికీ కలిపి చెప్పింది దీంట్లో నాలుగో వంతు కూడా లేదు గదా నాయనా" అన్నది.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఐదు మంచి సోలెక్స్‌లలో మూడింటిని, అమ్మేముందు బండి మీద పెట్టి చూడాలని, నెల్లూరులో నాకు తెలిసిన ఒక అంబాసిడర్ యజమానిని అడిగాను. ఆయన ఒక పూట కారు ఇచ్చాడు. రెండు సోలెక్స్‌లు తొలి తిప్పుకే స్లో స్పీడు నిలబెట్టాయి. మూడోది ఆగి ఆగి నడిచింది. త్రోటిల్ దగ్గర కాస్త పెట్రోలు చుక్క వేసి చూస్తే ఇంజిను శబ్దం మారింది. గాలి లీకు నా వేలికి తెలియనంత సన్నగా అక్కడ ఉన్నదన్నమాట. దాన్ని పదమూడువందల వరుసలోకి దించి, కారణం రాశాను.

మారుతివి మూడూ ఒకే కొట్టులో పోయాయి. హెచ్2ను ఒంగోలునుంచి వచ్చిన ఒక పెద్దాయన తన ల్యాండ్‌మాస్టర్ కోసం తీసుకున్నారు. ఆయన నా కాగితంలో రాసిన లోపాలను చదివి, ఒక్కటి కూడా బేరమాడకుండా, "ఊగుతున్నదని మీరే రాశారు గదండీ, ఇంక నేను అడిగేదేముంది" అని చెప్పిన ధర చేతిలో పెట్టారు. జంట కోసం ఇద్దరు అడిగారు. వారిలో ఒకాయన ఒక్కటి మాత్రమే కావాలని, మంచి ధరే ఇస్తానని రెండుసార్లు ఫోను చేశారు. విడదీయనని అత్తయ్యే చెప్పింది.

పద్దెనిమిదో తట్టలో ఉన్నది ఇంకా తేలలేదు. డౌన్‌డ్రాఫ్టు, ఒక గొంతు, పేరు పోతపోసిన చోట ఎప్పుడో ఆకురాయితో అరగదీశారు, బిళ్ళ లేదు. దాని కాగితంలో గొంతు 30 మిల్లీమీటర్లు, అడుగున రెండు బోల్టులు, వాటి మధ్య దూరం, మెయిన్ జెట్టు అంకె, ఇంతవరకు రాసి, బండి పేరు గడినీ ధర గడినీ ఖాళీగా వదిలాను. వచ్చే ఆదివారం మేస్త్రిగారు తన దగ్గరున్న పాత ప్యాకింగుల కట్టను తెస్తానన్నారు. ఆ రెండు బోల్టుల మధ్య దూరానికి సరిపోయే ప్యాకింగు దొరికితే, అది ఏ ఇంజినుదో అక్కడినుంచి వెతుకుతాం.